పాప వచ్చే ఆదివారం, పాప రాని ఆదివారం

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. చందానగర్‌లో ఉంటాను, ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. రెండేళ్ల క్రితం విడాకులయ్యాయి. తొమ్మిదేళ్ల పాప వాళ్లమ్మ దగ్గర పెరుగుతోంది. కోర్టు చెప్పిన ప్రకారం రెండు వారాలకోసారి ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు నా దగ్గర ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ మాల్, గేమ్‌జోన్, సినిమా, పిజ్జా. మూడు వేలవుతోంది. మెయింటెనెన్స్, అద్దె, ఈఎంఐ పోను అంత మిగలడం లేదు. తగ్గిస్తే ‘నాన్న దగ్గర బోర్’ అంటుందేమోనని భయం. పాప రాని ఆదివారాలు గదిలోంచి కదలను. పడుకుని ఫోన్ చూస్తుంటాను. సాయంత్రం ఫ్రెండ్స్ సిట్టింగ్‌కి పిలిస్తే వెళ్తాను. సోమవారం ఇంకా అలసటగా ఉంటోంది. ఎక్కువ ఖర్చు లేకుండా సెలవు రోజు కాస్త ప్రశాంతంగా గడిపే దారి ఉంటే చెప్పండి.
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: మీరు లెక్కలు చూసే మనిషి కాబట్టి లెక్కతోనే మొదలుపెడదాం. మీరు రాసిన ప్రకారం పాప కోసం నెలకు ఆరు వేలు. సిట్టింగుల ఖర్చు రాయలేదు. దాన్ని కూడా ఒక కాగితం మీద వేసి చూడండి. భారమంతా పాప వల్లే పడుతోందన్న ఆలోచన కొంతైనా తగ్గుతుంది.

ఇక ఆ తొమ్మిది గంటల సంగతి. సినిమా హాల్లో రెండున్నర గంటలు చీకట్లో గడుస్తాయి. గేమ్‌జోన్‌లో పాప ఆడుతుంటే మీరు పక్కన నిలబడి కార్డులో ఎంత మిగిలిందో చూసుకుంటారు. రానూపోనూ ట్రాఫిక్. ఇవన్నీ తీసేస్తే మీరిద్దరూ మాట్లాడుకునే సమయం ఎంత? పాపను మీరు చుట్టంలా చూస్తున్నారు. చుట్టాలకు మర్యాద చేయాలి, ఖర్చు పెట్టాలి, వాళ్లు విసుక్కోకుండా చూసుకోవాలి. కన్నబిడ్డ దగ్గర ఇవేవీ అక్కర్లేదు.

మీ గదిలో పాపకంటూ ఏమున్నాయో ఒకసారి చూడండి. ఒక జత చెప్పులు, తన కంచం, బొమ్మలు వేసుకునే పుస్తకం, ఇష్టమైన దుప్పటి.. ఇవి ఉంటే అది తన ఇల్లు కూడా అవుతుంది. పొద్దున రాగానే ఇద్దరూ సంచి తీసుకుని కూరగాయలకు వెళ్లండి. ఏ కూర వండాలో పాపనే తేల్చమనండి. తొమ్మిదేళ్ల పిల్ల బఠాణీలు వలుస్తుంది, చపాతీ ఒత్తుతుంది. అది భారతదేశం పటంలా వచ్చినా కాల్చి తినండి. మీకు వంట రాకపోతే ఇంకా మంచిది, ఇద్దరూ కలిసి నేర్చుకోవచ్చు. పిల్లలు మనసులో మాట ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పరు. చేతులు ఏదో పనిలో ఉన్నప్పుడు దానంతటదే బయటికి వస్తుంది.

బయటికి వెళ్లాలనిపిస్తే చందానగర్‌లోనే ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి నెక్లెస్ రోడ్ స్టేషన్‌లో దిగండి. టికెట్ ఒక ఇరానీ చాయ్ ఖరీదు కూడా ఉండదు. కిటికీ పక్కన సీటు దొరికితే పిల్లలకు ప్రయాణమే పిక్నిక్. దిగి కొద్దిగా నడిస్తే హుస్సేన్ సాగర్. ఇంట్లోంచి పులిహోర డబ్బా తీసుకెళ్తే అక్కడ పిజ్జా ఊసే రాదు (వస్తే ఒక ఐస్‌క్రీమ్‌తో సరిపెట్టండి). ఆదివారం రైళ్లు తక్కువ, టైమింగ్స్ చూసుకుని బయల్దేరండి.

సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూసేస్తారు, ఆదివారం తెరిచే ఉంటుంది. అందులోని పెద్ద గడియారంలో గంట కొట్టే వేళకు గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికి వస్తుంది. గంట కొట్టి లోపలికి పోతుంది. దాన్ని చూడటానికి జనం ముందే వచ్చి కూర్చుంటారు. పన్నెండింటికి వెళ్తే పన్నెండు దెబ్బలూ పాపతో లెక్కపెట్టించవచ్చు. మ్యూజియం మొత్తం ఒక్కరోజులో చూపించాలని పరుగులు పెట్టించకండి. రెండు గదులు చాలు, మిగిలినవి ఇంకో ఆదివారం. చలికాలంలో గోల్కొండ. పదిహేనేళ్ల లోపు పిల్లలకు అక్కడ టికెట్ లేదు. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ దాకా వినిపించడం పిల్లలకు మాయలా ఉంటుంది. ఎండాకాలంలో మాత్రం ఆ మెట్ల జోలికి వెళ్లొద్దు.

బోర్ అంటుందేమోనని కదా మీ భయం? అంటుంది. అననివ్వండి. మీరు కంగారుపడి ఫోన్ చేతికివ్వకుండా, వెంటనే మాల్‌కి బయల్దేరకుండా ఒక పావుగంట ఓపిక పట్టండి. తనే ఏదో ఒక ఆట మొదలుపెడుతుంది. వాళ్లమ్మ దగ్గర కూడా బోర్ అని అంటూనే ఉంటుంది, అక్కడ ఎవరూ భయపడరు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. ‘అమ్మ ఏం చేస్తోంది, ఇంటికి ఎవరొస్తున్నారు, నా గురించి ఏమంటోంది’ లాంటి ప్రశ్నలు పాపను అడగొద్దు. ఇక్కడి కబుర్లు అక్కడికి, అక్కడివి ఇక్కడికి మోయాల్సి వస్తే ఆ పిల్లకు ఆదివారం అంటేనే టెన్షన్ పట్టుకుంటుంది.

మీరు రాయకపోయినా నాకు అర్థమైన సంగతి ఇంకోటుంది. ఆరింటికి పాపను దింపి ఖాళీ గదికి తిరిగి రావడం రోజంతటిలోకీ కష్టమైన పని. సిట్టింగ్ పిలుపులు తేలిగ్గా పనిచేసేది కూడా అప్పుడే. అందుకే ఆ సాయంత్రానికి ముందే ఏదైనా అనుకుని పెట్టుకోండి. రవీంద్రభారతిలో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సాయంత్రాలు నాటకాలు, సంగీత కచేరీలు, సభలు జరుగుతుంటాయి. చాలావాటికి ప్రవేశం ఉచితం. బంజారాహిల్స్‌లోని సాంస్కృతిక వేదిక లామకాన్‌లో చవకగా సమోసా, చాయ్ దొరుకుతాయి, ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది. పక్కన ఎవరూ లేరని అక్కడ ఎవరూ అడగరు. అంత దూరం పోవాలనిపించకపోతే ఇంటి దగ్గరే ఒక గంట నడిచి, స్నానం చేసి పడుకోండి.

పాప రాని ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకోవడం తప్పేం కాదు. వారమంతా పనిచేసిన ఒంటికి నిద్ర కావాలి. కానీ పడుకుని ఫోన్ చూడటం నిద్ర కాదు, విశ్రాంతి కూడా కాదు. ఆ ఫోన్‌లో ఏం చూస్తున్నారో మీరు రాయలేదు. ఇలాంటి ఉత్తరాలు రాసే మగవాళ్లలో చాలామంది పాప ఫొటో పెట్టారేమోనని మాజీ భార్య స్టేటస్‌లు తిప్పి తిప్పి చూస్తుంటారు. మీరూ అంతే అయితే ఆ స్టేటస్‌లను మ్యూట్ చేయండి. మధ్యలో ఒక రోజు పాపతో ఫోన్‌లో మాట్లాడే టైం ఇవ్వమని మీరే నేరుగా అడగండి.

నెలకో ఆదివారం పొద్దున ఆబిడ్స్ వెళ్లి చూడండి. దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి ఫుట్‌పాత్ అంతా పాత పుస్తకాలే పరుస్తారు. బేరమాడి రెండు కొనండి, ఒకటి మీకు, ఒకటి పాపకు. పుస్తకాలంటే పడకపోతే కేబీఆర్ పార్కులో నడక. పెళ్లి కాని కుర్రాళ్లు, అమీర్‌పేట హాస్టళ్లలో ఉండేవాళ్లు కూడా ‘ఆదివారం తోచడం లేదు’ అని రాస్తుంటారు. వాళ్లకూ ఇదే చెబుతాను: ఒక్కడే వెళ్లడానికి మొహమాటపడొద్దు.

స్నేహితులను వదులుకోమనను. సిట్టింగ్‌ను నెలకోసారికి తగ్గించి, అది కూడా శనివారానికి మార్చండి. వాళ్లలో ఒకరికైనా మీ పాప వయసు పిల్లలుంటే, పాప వచ్చినప్పుడు వాళ్లింటికి వెళ్లండి. పిల్లలు ఆడుకుంటారు, మీకు ఒక పూట ఇంటి భోజనం.

ఇవన్నీ చేస్తున్నా రెండు మూడు వారాలు వరసగా నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతుకు మీద విసుగనిపించినా ఆలస్యం చేయకండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత సేవ. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈసారి పాప రాకముందే వాళ్లమ్మకు చిన్న మెసేజ్ పెట్టండి, హోంవర్క్ బ్యాగు కూడా పంపమని. మధ్యాహ్నం భోజనమయ్యాక పాపను లెక్కలు చేయనిచ్చి మీరు పక్కనే బట్టలు మడతపెట్టుకోవచ్చు. రెండుసార్లు అలా గడిచాక మళ్లీ రాయండి.