ఉగాండాలో పిల్లల ఆపరేషన్ల కోసం పోగుచేసిన డబ్బు: థియేటర్‌కి పెట్టాలా, ఇంకెక్కడైనానా?

మీరు అడిగింది ఇదీ: కంపాలాలో ఉంటున్న తెలుగువాళ్లు కొందరు చందాలు వేసుకున్నారు. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల ఆపరేషన్ థియేటర్‌కి ఏదైనా పెద్ద యంత్రం కొనిద్దామనుకుంటున్నారు. ఏది కొంటే ఎక్కువ మంది పిల్లలు బతుకుతారు?

యంత్రం సంగతి చివర చూద్దాం. సర్జరీ అవసరమైన పసిపిల్లలు అక్కడ ఎక్కువగా చనిపోయేది టేబుల్ మీద కాదు. పుట్టిన ఊరి నుంచి పెద్దాసుపత్రికి వచ్చే దారిలో, వచ్చాక వార్డులో, ఆపరేషన్ అయ్యాక రెండు మూడు వారాల్లో పోతారు. డబ్బు ఆ మూడు చోట్లకి వెళ్లాలి.

ఈ మాట ఎందుకంటున్నానో ఒక్క జబ్బు తీసుకుంటే అర్థమవుతుంది. గాస్ట్రోస్కైసిస్: బొడ్డుకి పక్కన, దాదాపు ఎప్పుడూ కుడివైపున, ఒక చిన్న రంధ్రం ఉండి అందులోంచి పేగులు బయటికి వచ్చి ఉంటాయి. పైన పొర ఏమీ ఉండదు. (పొర ఉండి, బొడ్డుతాడు ఆ పొర మీదే అంటుకుని ఉంటే అది ఎక్సోంఫాలోస్, దాని దారి వేరు.) 74 దేశాల్లోని 264 ఆసుపత్రుల్లో, పుట్టుకతోనే జీర్ణవ్యవస్థ లోపాలున్న 3,849 మంది పిల్లల్ని గమనించిన అధ్యయనం 2021లో వైద్య పత్రిక లాన్సెట్‌లో అచ్చయింది. గాస్ట్రోస్కైసిస్‌తో పుట్టినవాళ్లలో మరణాలు ధనిక దేశాల్లో 1.4 శాతం, మధ్య ఆదాయ దేశాల్లో 31.9 శాతం, పేద దేశాల్లో 90 శాతం. ఈ జబ్బుకి చేసే ఆపరేషన్ పిల్లల సర్జరీలో తేలికైనవాటిలో ఒకటి. పేగులు లోపలికి నెట్టి రంధ్రం మూయడమే. అలాంటిదానికి 1.4కీ 90కీ మధ్య ఉన్న తేడా సర్జన్ చేతి నేర్పుది కాదు.

పుట్టిన మొదటి గంట చూడండి. పేగులు బయట ఉన్న బిడ్డ ఒంటి వేడినీ నీటినీ చాలా వేగంగా పోగొట్టుకుంటుంది. చిన్న ఆరోగ్య కేంద్రాల్లో మామూలుగా చేసేది గాజుగుడ్డని సెలైన్‌లో తడిపి పేగుల మీద కప్పడం. మంచి ఉద్దేశమే, కానీ ఆ గుడ్డ త్వరగా చల్లబడి బిడ్డని చల్లబరుస్తుంది, ఆరితే పేగుకి అతుక్కుని లాగినప్పుడు చీరుతుంది. వాడాల్సింది పారదర్శకమైన శుభ్రమైన ప్లాస్టిక్. కాళ్ల దగ్గర్నుంచి చంకల దాకా బిడ్డని సంచిలోకి దించేయొచ్చు, లేదా వంటింట్లో వాడే క్లింగ్ ఫిల్మ్ నడుము చుట్టూ వదులుగా చుట్టొచ్చు. పేగు రంగు బయటికి కనిపిస్తూ ఉండాలి. బిడ్డని కుడిపక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టాలి. వెల్లకిలా పడుకోబెడితే పేగుల బరువుకి వాటి మూలంలోని రక్తనాళాలు మెలిపడి నల్లబడతాయి. ముక్కులోంచి పొట్టలోకి వెళ్లే 8 లేదా 10 నంబరు రైల్స్ ట్యూబు వేసి, మూత తీసి కిందికి వదిలెయ్యాలి. ట్యూబు వేసి మూత బిగించడం మామూలుగా కనబడే తప్పు. అప్పుడు పొట్ట ఉబ్బి, పసరు వాంతయి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇంకొక చిన్న విషయం, పైసా ఖర్చు లేనిది: బొడ్డుతాడుని పొట్టిగా కొయ్యకూడదు. కనీసం 10 సెంటీమీటర్లు వదలాలి. ఎందుకో కింద చెప్తాను.

సెలైన్ దగ్గర రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, అసలు పెట్టకపోవడం: 24 నంబరు క్యాన్యులా (నరంలోకి పెట్టే సన్నని గొట్టం) లేదు, ఉన్నది పెద్దవాళ్లది, నరం దొరకలేదు, అలాగే పంపేశారు. రెండోది, పెద్దవాళ్ల సెట్‌తో 500 మి.లీ. సీసా తగిలించి వదిలెయ్యడం. 2.5 కిలోల బిడ్డకి మొదట ఇచ్చేది కిలోకి 10 నుంచి 20 మి.లీ. నార్మల్ సెలైన్, అంటే మొత్తం 25 నుంచి 50 మి.లీ. ఆ తర్వాత 10 శాతం డెక్స్‌ట్రోజ్ లెక్క ప్రకారం. కాబట్టి 60 చుక్కలకి 1 మి.లీ. పడే సెట్, కొలత గీతలున్న బ్యూరెట్ (సీసాకీ గొట్టానికీ మధ్య ఉండే చిన్న పాత్ర) ఉండాలి. రైల్స్ ట్యూబులో ఎంత పసరు వస్తే అంత నార్మల్ సెలైన్ పొటాషియం కలిపి తిరిగి ఇవ్వాలి. ఇది రాసుకునే కాగితం లేకపోతే ఎవరూ చెయ్యరు. గంటకి కిలోకి 1 మి.లీ. కంటే తక్కువ మూత్రం వస్తుంటే నీరు చాలడం లేదని అర్థం. విటమిన్ కె 1 మి.గ్రా., యాంటీబయాటిక్ మొదటి డోసు బయల్దేరే ముందే పడిపోవాలి.

ఇవన్నీ ఒక షూబాక్సంత పెట్టెలో పడతాయి. ప్లాస్టిక్ సంచి, రైల్స్ ట్యూబు, రెండు మూడు 24 నంబరు క్యాన్యులాలు, బ్యూరెట్ సెట్, డెక్స్‌ట్రోజ్, గ్లూకోజ్ స్ట్రిప్పులు, థర్మామీటరు, ఉన్ని టోపీ, మూత లోపలివైపు అంటించిన ఒక్క పేజీ బొమ్మల కాగితం. చుట్టుపక్కల కాన్పులు జరిగే కేంద్రాల్లో తలా ఒకటి పెట్టండి. మీ చందా డబ్బుతో మొదట కొనమని నేను చెప్పేది ఇదే. థర్మామీటరు 35 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి చూపించేదై ఉండాలి. జ్వరానికి వాడే మామూలుది చాలా చల్లబడ్డ బిడ్డని చూపించలేదు.

ఇక పెద్దాసుపత్రి. ధనిక దేశాల్లో స్ప్రింగు రింగు ఉన్న సిలికాన్ సైలో సంచి వాడతారు. పేగులు సంచిలోకి దించి, రింగుని పొట్ట లోపల రంధ్రం కింద కూర్చోబెట్టి, సంచిని పైకి వేలాడదీస్తారు. మత్తు అక్కర్లేదు, వార్డులో మంచం పక్కనే చెయ్యొచ్చు. ఒక్కోటి 200 డాలర్ల పైమాటే కాబట్టి ఆఫ్రికాలో మూత్రం సంచి, సెలైన్ సంచి, చేతి తొడుగు కత్తిరించి పొట్ట అంచుకి కుట్టేవాళ్లు, ఇప్పటికీ కుడుతున్నారు. కుట్టాలంటే మత్తు కావాలి, నాలుగైదు రోజులకి కుట్లు కండని కోసుకుంటూ వదులవుతాయి, పక్కల్నుంచి కారుతుంది, ఇన్‌ఫెక్షన్. రింగు ఉండడంలోనే అసలు ఉపయోగం అంతా ఉంది. అందుకే కొన్నిచోట్ల ఆడవాళ్ల కండోమ్, గాయాన్ని తెరిచి పట్టే ప్లాస్టిక్ రింగు వంటివాటితో చవకగా తయారుచేసుకున్నారు. సంచి కొనిస్తామంటే 3, 4, 5 సెంటీమీటర్ల సైజులు కలిపి కొనండి. ఒకే సైజు పది కొంటే సగం వృథా: చిన్నది పేగుని నొక్కి చంపుతుంది, పెద్దది లోపల నిలవదు.

రోజుకి ఒకటి రెండుసార్లు సంచిని పైనుంచి మెల్లగా నొక్కుతూ, టేపుతో కిందికి కట్టుకుంటూ వస్తే మూడు నుంచి అయిదు రోజుల్లో పేగులు లోపలికి వెళ్తాయి. తొందరపడితే పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది. కాళ్లు నీలంగా మారడం, మూత్రం ఆగడం, ఊపిరి కష్టమవడం దాని గుర్తులు. వెంటనే వదులు చెయ్యాలి. సంచిలో పేగు ముదురు ఊదా రంగుకి తిరిగితే సంచి తీసి రంధ్రం కొంచెం పెంచాలి, పొద్దున రౌండ్లదాకా ఆగకూడదు. రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టర్ నలభై మంది పిల్లల్ని చూస్తుంటే ఈ రంగు మారడం ఎవరి కంటా పడదు. పేగులన్నీ లోపలికి వెళ్లాక, పైన చెప్పిన పొడవాటి బొడ్డుతాడుని చుట్టగా చుట్టి రంధ్రం మీద పెట్టి, అంటుకునే డ్రెస్సింగ్ వేస్తే చాలు. కుట్టు లేదు, థియేటర్ లేదు, మత్తు లేదు. ఎండి మానుతుంది. చిన్న బొడ్డు హెర్నియా మిగిలినా చాలామందిలో దానంతటదే మూసుకుంటుంది. పొట్టిగా కోసి పంపితే ఈ అవకాశం పోయినట్టే.

అప్పటికి సగం పనే అయింది. ఈ పేగులు రెండు మూడు వారాలు సరిగ్గా కదలవు. ధనిక దేశంలో అన్నాళ్లూ నరం ద్వారా పూర్తి ఆహారం ఎక్కిస్తారు. అది లేనిచోట బిడ్డ మెల్లగా ఆకలితో, ఆ తర్వాత ఇన్‌ఫెక్షన్‌తో పోతుంది. లాన్సెట్ అధ్యయనంలో కూడా అవసరమైనప్పుడు నరం ద్వారా ఆహారం గానీ వెంటిలేటర్ గానీ దొరకకపోవడం, వచ్చేసరికే సెప్సిస్ (ఒళ్లంతా పాకిన ఇన్‌ఫెక్షన్) ఉండడం మరణాలతో గట్టిగా ముడిపడ్డాయి. చేతి నరం ద్వారా అమైనో ఆమ్లాల ద్రావణం, 10 శాతం డెక్స్‌ట్రోజ్ ఇవ్వొచ్చు (12.5 శాతం దాటితే చిన్న నరాలు కాలిపోతాయి), పసరు తగ్గుముఖం పట్టగానే పిండిన తల్లిపాలు ట్యూబు ద్వారా చుక్కలు చుక్కలుగా మొదలుపెట్టాలి. కానీ తల్లి ఎక్కడుంది? చాలాసార్లు తల్లి ఇంకా కాన్పు అయిన ఊళ్లోనే ఉంటుంది, బిడ్డతో వచ్చింది అమ్మమ్మో మేనత్తో. అందుకని తల్లిని తీసుకురావడానికి బండి ఖర్చు, ఆమె ఉండడానికి ఒక మంచం, తినడానికి తిండి, పాలు పిండుకునే పంపు కూడా సర్జరీ ఖర్చే. దాతలు ఎవరూ దీనికి ఇవ్వరు, ఫొటోలో కనిపించదు కదా.

ఇప్పుడు యంత్రాలు. మంచి థియేటర్ల వల్ల లాభం లేదని అనను. ఎడిన్‌బరోకి చెందిన కిడ్స్ ఓఆర్ సంస్థ ఉగాండాలో పిల్లలకే ప్రత్యేకంగా థియేటర్లు ఏర్పాటు చేసింది. బల్ల, దీపం, పిల్లల సైజు పనిముట్లు అన్నీ కలిపి ఒక సెట్‌గా రావడమే అందులోని మేలు. విడిగా ఒక్క యంత్రం వస్తే పక్కన కావాల్సినది ఉండదు. మత్తు ఇచ్చే గదిలో నేను వెతికేవి చిన్న వస్తువులు: గొంతులోకి వేసే, కఫ్ (గాలి బుడగ) లేని 3.0, 3.5 ట్యూబులు, గొంతు తెరిచి చూసే 0, 1 సైజు మిల్లర్ బ్లేడ్లు, 0, 1 మాస్కులు, చేత్తో ఊపిరి అందించే జాక్సన్ రీస్ సర్క్యూట్, పసిపిల్లల ఆక్సిజన్ ప్రోబ్, సిరంజి పంపు. లక్షల ఖరీదు చేసే మెషీన్ ఉండి, పెద్దవాళ్ల వేలి ప్రోబ్ బిడ్డ పాదానికి నిలవక ఆపరేషన్ వాయిదా పడడం వింతేమీ కాదు. అక్కడ మత్తు ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది డాక్టర్లు కారు, అనస్థీషియా ఆఫీసర్లు. వాళ్లకి పసిపిల్లలకి మత్తు ఇవ్వడంలో నెల రోజుల శిక్షణకి జీతం, బస ఇవ్వడం ఒక మంచి పద్దు.

కరెంటు చూసుకోండి. ఉగాండాలో 240 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా బంధువుల ద్వారా వచ్చే 110 వోల్టుల సామాను తీసుకోవద్దు. ఇండియా నుంచి తెచ్చే వార్మర్ (బిడ్డని వెచ్చగా ఉంచేది), గాలి నుంచి ఆక్సిజన్ తీసే కాన్సన్‌ట్రేటర్‌కి ప్లగ్ మారిస్తే సరిపోతుంది, అక్కడ బ్రిటిష్ మూడు చదరపు కాళ్ల ప్లగ్. స్టెబిలైజర్ తప్పనిసరి. కాన్సన్‌ట్రేటర్ ఫిల్టరు వారానికోసారి కడగాలి, తేమ పట్టనివ్వకూడదు; కడగకపోతే మీటర్ 5 లీటర్లు చూపిస్తూనే ఉంటుంది, లోపల్నుంచి వచ్చేది మామూలు గాలి. కాబట్టి ఆక్సిజన్ శాతం కొలిచే చిన్న మీటర్ ఒకటి దాంతోపాటు కొనండి.

ఇండియా సరుకు అంటే ముఖం చిట్లించేవాళ్లు మీ కమిటీలో ఉంటే ఒక సంగతి చెప్పండి. తలలో నీరు చేరిన పిల్లలకి వేసే షాజహాన్‌పూర్ తయారీ ఛాబ్రా షంట్ (ఆ నీటిని పొట్టలోకి దింపే గొట్టం) 2005 నాటికి సుమారు 35 డాలర్లు, దానికి పోటీ అమెరికా షంట్ సుమారు 650. ఉగాండాలోని ఎంబాలెలో 195 మంది పిల్లల మీద రెండింటినీ పోల్చి 2005లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది తర్వాత చూస్తే తేడా కనిపించలేదు.

ఆసుపత్రికి రాసే ఉత్తరంలో వీటికి జవాబులు అడగండి: పోయిన ఏడాది పేగులు బయటపడ్డ బిడ్డలు ఎంతమంది వచ్చారు, పుట్టిన ఎన్ని గంటలకి చేరారు, చేరినప్పుడు ఒంటి వేడి ఎంత, ఎంతమంది బతికి తల్లి చేతుల్లో ఇంటికి వెళ్లారు. ఈ నాలుగూ రాసే రిజిస్టర్ లేదని చెప్తే, ముందు ఆ రిజిస్టర్, అది నింపే ఒక మనిషి జీతం ఏడాదికి మీరే పెట్టుకోండి. వార్మర్ కొనాలా, బండి ఖర్చులివ్వాలా అన్నది మూడు నెలల్లో ఆ పేజీలే చెప్తాయి.