బోలు గిటారు కొనబోతున్న మేనల్లుడికి

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పొట్ట బోలుగా ఉండి, రెండు పక్కలా ‘ఎఫ్’ ఆకారంలో కంతలున్న పాతకాలపు తరహా ఎలక్ట్రిక్ గిటారు మీద మనసు పడ్డావు, చేతిలో 40 వేలున్నాయి, విశాఖలో ఒకటి సెకండ్ హ్యాండ్‌లో ఉంది అని రాశావు. కొనుక్కో, తప్పులేదు. కానీ దాన్ని కరెంటు సామానులా చూడకు. వయొలిన్‌కి మైకు పెట్టారనుకో, అలా చూడు. ఈ ధరలో దొరికే గిటార్లు పెట్టే తంటాలు చాలామటుకు బ్రిడ్జి (పొట్ట మీద తీగలు ఆనే ముక్క) దగ్గరో, నట్ (మెడ పైకొసన తీగలు కూర్చునే గాళ్ళ బద్ద) దగ్గరో, గాలిలోని తేమ వల్లో పుడతాయి. మనవాళ్ళు మాత్రం ముందుగా తీగల కదలికని పట్టి ఆంప్‌కి పంపే పికప్పులు మార్చేసి డబ్బు తగలేస్తారు. నువ్వు మొదటి ఏడాది పికప్పుల జోలికి వెళ్ళకు.

అసలు అది నిజంగా బోలుదేనా అన్నది ముందు చూసుకో. బయటికి ఒకేలా కనిపిస్తాయి గానీ కొన్నిటి లోపల మెడ దగ్గర్నుంచి కింద దాకా చెక్క దిమ్మ ఉంటుంది. 1958లో గిబ్సన్ వాళ్ళ ఈఎస్-335తో వచ్చిన పద్ధతి అది. టార్చి వేసి కంతలోంచి చూస్తే దిమ్మ ఉందో లేదో తెలిసిపోతుంది. ఐబనీజ్ ఆర్ట్‌కోర్‌లో ఏఎఫ్ అంటే బోలు, ఏఎస్ అంటే దిమ్మ ఉన్నది. ఎపిఫోన్ కసీనో పూర్తిగా బోలు. గ్రెచ్ స్ట్రీమ్‌లైనర్‌లో రెండు రకాలూ ఉన్నాయి, నంబరు చూసి అడుగు. దిమ్మ ఉన్నది చెడ్డదని కాదు, స్టేజీ మీద అదే మాట వింటుంది. నువ్వు అడుగుతున్న ‘టుక్కు’మని తెగే, లోపల గాలి కదిలినట్టుండే నాదం మాత్రం దాంట్లో ఉండదు.

ప్లైవుడ్ అని ఎవరైనా మూతి విరిస్తే పట్టించుకోకు. 1949లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-175 కూడా పొరలు అతికించిన మేపుల్‌తో చేసిందే, జాజ్ వాళ్ళు దాన్ని ఎన్నేళ్ళు మోశారో లెక్కలేదు. మన తీరంలో అయితే ప్లై ఒక రకంగా మేలు, ఒకే పలకతో చేసిన పైచెక్క కంటే వానలకు తక్కువ ఉబ్బుతుంది.

అంగట్లో తొందరపడకు. ముందు బ్రిడ్జి కింద రెండు వైపులా ఉండే, దాని ఎత్తు మార్చే చిన్న చక్రాలు చూడు. అవి పూర్తిగా కిందికి దించేసి ఉండి, అయినా 12వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మి) దగ్గర తీగలు 3 మి.మీ. పైన ఉంటే, మెడ కోణం పోయినట్టు. దాన్ని సరిచేయించాలంటే గిటారు ఖరీదుకు దగ్గరగా ఖర్చవుతుంది, అక్కడే వదిలేసి వచ్చెయ్యి. చక్రాల కింద ఇంకా 2, 3 మి.మీ. సందు ఉంటే మంచిది. తరవాత వేలి కణుపుతో పైచెక్కను అంతటా తట్టు. కుండని తట్టి కొన్నట్టే. ఎక్కడైనా గలగలమంటే లోపలి బద్ద ఊడిందన్నమాట. బ్రిడ్జి ఆనే చోట స్కేలు నిలువుగా పెట్టి చూడు, పైచెక్క గుంట పడి ఉండకూడదు. ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్టూ నొక్కి విను. ఆంప్‌కి, అంటే గిటారు శబ్దం పెంచే పెట్టెకి, తగిలించి, గిటారులో గుచ్చిన కేబుల్ మొన పట్టుకుని మెల్లగా కదుపు, బరబరమంటే బేరంలో తగ్గించుకో. అది చిన్న పనే గానీ ఈ రకం గిటారులో చేయడం చిరాకు. ఎందుకో కింద చెప్తాను.

విశాఖ నుంచి గుణుపురం పాసింజరు రైల్లో తెచ్చేటట్టయితే పైన సామాను బల్ల మీద పెట్టకు, ఒళ్ళో నిలబెట్టుకో. తీగలు ఒక స్వరం మేర వదులు చెయ్యి, అంతకంటే వద్దు. పూర్తిగా వదిలేస్తే బ్రిడ్జి ఊడిపడి పైచెక్కను గీకేస్తుంది.

ఇక బ్రిడ్జి. మామూలు ఎలక్ట్రిక్ గిటారుకి బ్రిడ్జి చెక్కలోకి దిగగొట్టి ఉంటుంది. బోలు గిటార్లలో చాలావాటికి అలా కాదు, తీగల బరువే దాన్ని తొక్కిపట్టి ఉంచుతుంది. అందుకే తీగలన్నీ ఒకేసారి విప్పకూడదు. ఒకటి తీసి ఒకటి వేసుకుంటూ పో. మొదలెట్టే ముందు బ్రిడ్జి పాదం అంచున పెయింటర్లు వాడే కాగితపు టేపు ముక్కలు రెండు అంటించు, జరిగితే వెంటనే తెలుస్తుంది.

దాని చోటు కొలిచి పెట్టాలి. ఈ గిటార్లలో ఎక్కువ వాటికి తీగ పొడవు 24.75 అంగుళాలు, అంటే సుమారు 628 మి.మీ. నట్ నుంచి 12వ ఫ్రెట్ 314 మి.మీ. అక్కణ్ణుంచి సన్న తీగ దగ్గర బ్రిడ్జి 314కి ఒకటి రెండు మి.మీ. ఎక్కువ దూరంలోనూ, లావు తీగ దగ్గర నాలుగైదు ఎక్కువ దూరంలోనూ ఉండాలి. ఇది మొదలు మాత్రమే, తేల్చేది చెవీ ట్యూనరూ. 12వ ఫ్రెట్ మీద తీగను ఊరికే తాకి హార్మోనిక్ పలికించు, తరవాత అక్కడే నొక్కి పలికించు. నొక్కినప్పుడు శ్రుతి ఎక్కువ చూపిస్తే తీగ పొట్టిగా ఉన్నట్టు, బ్రిడ్జిని తోకవైపు (తీగల కింది కొసలు తగిలించే చోటు వైపు) జరుపు. తక్కువ చూపిస్తే మెడవైపు. జరిపేటప్పుడు తీగలు కాస్త వదులు చేసి, రెండు చేతులతో పాదం పట్టుకుని అర మి.మీ. చొప్పున జరుపు. పైభాగం పట్టుకుని తోస్తే స్తంభాలు వంగిపోతాయి. శ్రుతి చేసిన ప్రతిసారీ తీగలు బ్రిడ్జిని మెడవైపు లాగుతుంటాయి, వారానికోసారి పక్కనుంచి చూసి నిటారుగా ఉందో లేదో గమనించు.

నాదం పలచగా, డబ్బాలా ఉందంటే పాదం పైచెక్క వంపుకు అతకలేదేమో చూడు. వెనకనుంచి టార్చి వేస్తే పాదం కింద వెలుతురు గీత కనిపిస్తుంది. చవక గిటార్లలో చాలా మామూలు. బాగు చెయ్యడానికి 120 నంబరు గరుకు కాగితం, 220ది ఒకటి చాలు. ఈ ఒక్క పనికి మాత్రం తీగలన్నీ తీసేశాక, బ్రిడ్జి కూర్చునే చోటే కాగితాన్ని గరుకు వైపు పైకి ఉండేలా టేపుతో అంటించి, పాదాన్ని దాని మీద పెట్టి, రెండు వేళ్ళతో నొక్కి, తీగల దారిలో రెండేసి సెంటీమీటర్లు ముందుకీ వెనక్కీ రుద్దు. పాదం అడుగున ముందే పెన్సిలుతో గీతలు గియ్యి. గీతలన్నీ సమానంగా చెరిగిపోయేదాకా 120తో, నునుపు కోసం చివర 220తో. పాదాన్ని ఒక పక్కకి ఒరగనీకు, ఒరిగితే గుండ్రంగా అరిగి మొదటికే మోసం వస్తుంది. గంట పని. కొత్త పికప్పులు పెట్టినా ఇంత తేడా రాదు.

తీగల సంగతి. 9 నంబరు సన్న తీగలు దీనికి వెయ్యకు (ఈ నంబరు తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). బ్రిడ్జిని తొక్కిపట్టే బరువు వాటికి చాలదు, కొంచెం గట్టిగా మీటితే బ్రిడ్జి జరుగుతుంది, గిర్రుమంటుంది. 11తో మొదలుపెట్టు, వేళ్ళు గట్టిపడ్డాక 12-52 సెట్టు. ఆ సెట్టులో మూడో తీగకు కూడా లోహపు వైరు చుట్టు ఉంటుంది. బ్రిడ్జి పైభాగం ఒకే చెక్కతో, మెట్లు మెట్లుగా చెక్కి ఉంటే అది చాలావరకు చుట్టు ఉన్న మూడో తీగ కోసమే చెక్కినది. దాని మీద చుట్టు లేనిది వేసి శ్రుతి కుదరడం లేదని ఏడిస్తే లాభం లేదు. ఫ్లాట్‌వౌండ్ తీగలు, అంటే పైచుట్టు బల్లపరుపుగా నున్నగా ఉండేవి, ఖరీదెక్కువైనా నెలల తరబడి ఉంటాయి. వేళ్ళు జారేటప్పుడు కీచుమనవు. గోపాలపురం వైపు ఉప్పుగాలిలో మామూలు తీగలు ఇట్టే మసకబారతాయి. ఏ తీగైనా వాయించాక పొడి నూలుగుడ్డతో కిందా పైనా తుడవాలి.

బ్రిడ్జికీ తోకకీ మధ్య ఉండే తీగ ముక్కలు వాటంతట అవే మోగుతుంటాయి. జుట్టుకు పెట్టుకునే గుడ్డ రబ్బరు బ్యాండు అక్కడ పైకీ కిందికీ అల్లితే ఊరుకుంటాయి.

శ్రుతి నిలవడం లేదని తీగలు బిగించే కీలు మార్చమంటారు. నమ్మకు. తిప్పేటప్పుడు నట్ దగ్గర ‘టిక్కు’మని వినిపిస్తే తీగ గాడిలో ఇరుక్కుంటోందని అర్థం. మెత్తటి పెన్సిల్ మొనతో గాడిలో రుద్దు. స్వరాన్ని ఊపే కడ్డీ ఉన్న గిటారైతే ఇది మరీ ముఖ్యం. అప్పటికీ తగ్గకపోతే కొత్త నట్ చేయించు. మీ ఊళ్ళో కొమ్ముతో కొంగల్నీ దువ్వెనల్నీ చెక్కే పనివాళ్ళు ఉన్నారు కదా, పాత నట్‌ని నమూనాకి ఇస్తే వాళ్ళ చేతికి అది పెద్ద పని కాదు. కొమ్ము కంటే ఎముక గట్టిది, చుట్టు తీగలకి గాడి తొందరగా అరగదు, నట్‌కి ఎముకే అడుగు. గాళ్ళు మాత్రం వాళ్ళని కొయ్యనివ్వకు, గిటారు తెలిసినవాడి చేత ప్రతి తీగ లావుకీ తగిన ఆకురాయితో కోయించు.

మెడ లోపలి రాడ్డు తిప్పడానికి భయపడక్కర్లేదు, తొందరా పడకూడదు. మొదటి ఫ్రెట్‌నీ, మెడ పొట్టలో కలిసే చోటి ఫ్రెట్‌నీ ఒకేసారి నొక్కి, 7వ ఫ్రెట్ దగ్గర తీగ కింద సందు చూడు. 0.25 మి.మీ. చాలు, మందపాటి విజిటింగ్ కార్డు దూరీదూరనట్టు. ఎక్కువుంటే కుడివైపుకి పావు తిప్పు, ఒక పూట ఆగి మళ్ళీ చూడు. 12వ ఫ్రెట్ దగ్గర ఎత్తు సన్న తీగకి 1.6, లావు తీగకి 2.2 మి.మీ. ఉంటే వేలికి సుఖం. ఇది బ్రిడ్జి చక్రాలతో సరిచూసుకో. ఆషాఢ శ్రావణాల్లో చెక్క ఉబ్బి తీగలు లేస్తాయి, మాఘంలో దిగి ఫ్రెట్ల మీద గిర్రుమంటాయి. ఏడాదికి రెండుసార్లు చక్రాలు అర తిప్పు అటూ ఇటూ తిప్పాల్సిందే, దీనికి గిటారుని తిట్టకు.

తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చెక్కకి హాయి. పెట్టెలో చిన్న తేమ మీటరు, సిలికా జెల్ సంచులు రెండు మూడు పడెయ్యి. గింజల రంగు మారాక వేడి చేసి మళ్ళీ వాడొచ్చు, వంట బాణలిలో మాత్రం వద్దు. గోడకి తగిలించాలని సరదాగా ఉంటుంది. వానాకాలం చెమ్మ పట్టే గోడకయితే తగిలించకు.

కేబుల్ గుచ్చే జాక్ సంగతి కింద చెప్తానన్నాను కదా. ఈ గిటారుకి వెనక మూత ఉండదు. లోపలి వైర్లన్నీ కంతలోంచే రావాలి, కంతలోంచే పోవాలి. జాక్ నట్టు వదులై, దాన్ని ఊరికే స్పానరుతో బిగిస్తే లోపల జాక్ మొత్తం తిరిగి వైరు మెలిపడి తెగుతుంది. బయటనుంచి చెక్కిన పెన్సిల్ మొనను జాక్ రంధ్రంలో గట్టిగా దిగేసి, ఆ పెన్సిల్‌ని కదలకుండా పట్టుకుని నట్టు బిగించు. వైరు ఇప్పటికే తెగితే జాక్‌ని కంతలోంచి బయటికి తీసి అతకాలి. లోపలికి తోసే ముందు దానికి దారం కట్టి, ఆ దారం రెండో కొసని బయటి రంధ్రంలోంచి లాగి ఉంచుకో, దారం పట్టుకుని లాగితే జాక్ సరిగ్గా రంధ్రంలోకి వచ్చి కూర్చుంటుంది. వాల్యూమ్, టోన్ తిప్పే పాట్లకి దారం జారిపోతుంది. చేపల తొట్టెకి గాలి పంపే సన్న గొట్టం వాటి కడ్డీకి తొడిగి లాగు. పాట్ కరకరమంటే ముందు ఆ చివర నుంచి ఈ చివరకి ముప్పైసార్లు తిప్పి చూడు, సగం కేసుల్లో అంతటితోనే పోతుంది.

తీగల్ని తాకగానే హమ్మని శబ్దం తగ్గిందంటే అది మామూలే, అయినా ఇంట్లో ఎర్త్ సరిగ్గా ఉందో లేదో చూపించుకో. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసే తెలివి మాత్రం ఎవరు చెప్పినా వినకు. చేతిలో గిటారు, పెదవి దగ్గర మైకు ఉన్నప్పుడు షాకు కొడితే ప్రాణాలు పోతాయి.

పందిళ్ళలో వాయిస్తే కూత పెడుతుంది. ఇక్కడ అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో పెట్టే బాక్సుల్లాంటివి ఎదురుగా ఉంటే ఏ బోలు గిటారైనా గాలి మింగి ఊళ పెట్టాల్సిందే. స్పీకరు శబ్దం పొట్టని ఊపుతుంది, పొట్ట తీగల్ని ఊపుతుంది, అది మళ్ళీ స్పీకర్లోకి పోతుంది. ఆంప్‌కి ఎదురుగా నిలబడకుండా పక్కకి జరుగు. బేస్ తగ్గించు. మిక్సరు దగ్గరున్న అబ్బాయిని 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య ఏది కూస్తోందో వెతికి కొయ్యమను. కంతల్లో నూలుగుడ్డ కుక్కు, దానికొక నాడా కట్టి బయటికి వదులు, లేకపోతే ఆ గుడ్డ తియ్యడానికి ఒక పూట పోతుంది. ఇక నాదాన్ని చీల్చే డిస్టార్షన్ పెడల్ మీద అంత మోజుంటే వేరే గిటారు కొనుక్కో.

వాయించడంలో ఒకటే చెప్తాను. ఆరు తీగలూ కలిపి బాదకు. జీ7 అనే స్వరాల పట్టుకి ఆరో తీగ (అన్నిటికంటే లావుది) 3వ ఫ్రెట్ మీద నడిమి వేలు, నాలుగో తీగ 3వ ఫ్రెట్ మీద ఉంగరపు వేలు, మూడో తీగ 4వ ఫ్రెట్ మీద చిటికెన వేలు. నడిమి వేలి మొన ఐదో తీగను ఊరికే తాకి నోరు మూయించాలి, సన్నవైన ఒకటి, రెండు తీగల్ని అసలు మీటకు. అదే పట్టు రెండు ఫ్రెట్లు పైకి జరిపితే ఏ7. మీటిన వెంటనే ఎడమచేతి వేళ్ళ పట్టు సడలించు, వేళ్ళు తీగ మీదే ఉండాలి. నాదం తెగి దరువులా పడుతుంది. మెడ పికప్పు, టోన్ 5 లేదా 6, వాల్యూమ్ 7. మన పాటలకి గమకం కావాలంటే లావు తీగని వంచాలని చూడకు, వేలు కోసుకుంటుంది తప్ప వంగదు. జారు వెయ్యి, ఒకే తీగ మీద పైనుంచి కిందికి. చుట్టు ఉన్న మూడో తీగ మీద జారు ఎంత ముద్దుగా పలుకుతుందో నీకే తెలుస్తుంది.

రాత్రిళ్ళు ఆంప్ అక్కర్లేదు, పొట్ట చప్పుడే సాధనకి సరిపోతుంది, పక్కింటివాళ్ళూ ఏమనరు. తీగలు మీటే పలచటి ప్లాస్టిక్ పిక్కులు ఈ తీగలకి ఆనవు, 1.5 మి.మీ. మందం కావాలి. నట్ కోసం కొమ్ము పనివాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు పిక్కులు కొమ్ముతోనే చేయించు, అంచు మాత్రం అద్దంలా నున్నగా తోమమను. నాకూ రెండు పంపు, కొంచెం పెద్దవి.

ఇట్లు,
మావయ్య