మేనల్లుడికి, చెవుల సంగతి

చిరంజీవికి ఆశీస్సులు.

రెండు డిస్కుల ఇండస్ట్రియల్ రాక్ ఆల్బం, అదే యంత్రాల మోతల్ని గిటార్లతో కలిపే సంగీతం, చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ పేరు పలకడానికి పాపం మూడుసార్లు తడబడింది. విన్నప్పటి నుంచి నాకు ఒక పక్క గర్వం, ఒక పక్క బెంగ.

రికార్డింగులకు రెండో కాపీ వేరే చోట దాచుకో. ఏ ట్రాకులో ఏముందో రాసి పెట్టుకో. ఇవి నీకు తెలియనివి కావు.

నేను చేసిన తప్పు చెబుతాను. నీ వయసులో ఒక బృందానికి మిక్సింగ్ చేశాను. ఇనుప రేకును సుత్తితో కొట్టి, ఆ చప్పుడును గరుకుగా మార్చే డిస్టార్షన్‌లో నానబెట్టి, దానిమీద గిటార్లు పేర్చాం. శబ్దం ఒంటికి తగలకపోతే అది పాటే కాదని మా పిచ్చి. స్పీకర్లు తెల్లవార్లూ అదిరిపోయేవి. అర్ధరాత్రి దాటాక రేకు మోతలో పదును తగ్గినట్టు అనిపించేది. మొద్దుబారింది నా చెవులని తెలియక ట్రెబుల్, అంటే శబ్దంలోని సన్నని పై స్థాయి, పెంచాను. మర్నాడు మరికాస్త. క్యాసెట్లు తయారై వచ్చాక ఒక పొద్దున కారులో, నెమ్మదిగా పెట్టుకుని విన్నాం. పళ్లెం మీద మేకుతో గీసినట్టుంది. గాయకుడు ఒక్క మాట అనలేదు. క్యాసెట్ బయటికి తీసి, దాని పెట్టెలో పెట్టి, మూత వేశాడు. తిట్టి ఉంటే బాగుండేది. నా కుడి చెవిలో ఈల అప్పుడు మొదలైంది, ఇంకా ఆగలేదు.

అందుకే మొండికేయకు. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు ఎనిమిది గంటలు పనిచేయవచ్చంటారు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే! మోత కొలిచే మీటరు కొనుక్కో, డబ్బులు నేనిస్తాను.

చెవే కాదు, మనసూ మొద్దుబారుతుంది. నైన్ ఇంచ్ నెయిల్స్ అనే రాక్ బృందం ఆల్బం 'ది ఫ్రాజైల్' చూడు. 1999లో 23 పాటలతో, రెండు డిస్కులుగా వచ్చింది. ఏళ్ల తరబడి దానిలోనే మునిగిన ఆ బృందం నాయకుడు ట్రెంట్ రెజ్నర్, పాటల వరుస తేల్చడానికి రికార్డుల నిర్మాత బాబ్ ఎజ్రిన్ సాయం తీసుకున్నాడు. అంతటివాడికి లేని నామోషీ నీకెందుకు? అయినా ఆ ఆల్బం అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి వారం ఒకటో స్థానంలో ఉండి, మరుసటి వారమే పదహారుకు జారింది. నీకూ అలాంటి వారం వస్తే ఫోను కట్టేసి ఇంటికి రా. ఆ ఆల్బంను ప్రాణంగా వినేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నేనూ ఒకణ్ణి.

మొదటి మిక్స్ అవగానే పంపు. ఎడమ చెవితో వింటాను.

మీ మామయ్య