ముగ్గురు చెప్పారని నమ్మేశాం

మీరు అడిగింది ఇది: చిన్న తయారీ కంపెనీ నడుపుతున్నారు, పోటీ కంపెనీ తర్వాత ఏం చేయబోతోందో ముందే తెలియాలి. అమెరికా గూఢచార సంస్థ సీఐఏ లాంటివాళ్ల పద్ధతులు మనకు పనికొస్తాయా? అవతలి కంపెనీలో ఒకరిని పట్టుకుంటే సరిపోదా?

పనికొస్తాయి. అయితే సినిమాల్లో చూసేవి కాదు. హైదరాబాద్‌లో బల్క్ డ్రగ్స్ (మాత్రల్లో వాడే అసలు మందు రసాయనాలు) కంపెనీల్లో పన్నెండేళ్లుగా కమర్షియల్ పని చూస్తున్నాను కాబట్టి నాకు తెలిసిన రంగం నుంచే చెబుతాను.

1980లలో అమెరికా ఎలక్ట్రానిక్స్ కంపెనీ మోటరోలా అధిపతి బాబ్ గాల్విన్, సీఐఏలో పనిచేసిన జాన్ హెరింగ్‌ను తెచ్చుకుని కంపెనీలో ఒక నిఘా విభాగం పెట్టించాడు. హెరింగ్ పద్ధతిలో మొదటి మెట్టు సమాచారం ఏరడం కాదు, పైవాళ్లను కూర్చోబెట్టి ‘మీరు తీసుకోవాల్సిన నిర్ణయం ఏంటి, దానికి ఏం తెలియాలి’ అని అడగడం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. మా ఎండీగారు మాత్రం ‘వాళ్ల గురించి అంతా కనుక్కోవయ్యా’ అనేవారు. అంతా కనుక్కుంటే ఫైళ్లు పెరిగాయి, చదివినవాళ్లు లేరు. ఆ మాట ‘ఏడాదిలోపు వాళ్లు ఈ ఇంటర్మీడియట్‌ను (మందు తయారీలో మధ్య దశలో వచ్చే రసాయనాన్ని) సొంతంగా చేసుకుంటారా’ అని మారాకే ఎక్కడ వెతకాలో తెలిసింది.

వెతకాల్సిన చోట్లు చాలావరకు బహిరంగంగానే ఉంటాయి. కొత్త బల్క్ డ్రగ్ యూనిట్‌కు పర్యావరణ అనుమతి కోసం ఇచ్చే రిపోర్టులో ఏ ప్రొడక్టు ఎంత చేస్తారో, ముడిసరుకు, సాల్వెంట్లు ఎంత వాడతారో రాస్తారు. ప్రజాభిప్రాయ సేకరణ ఉంటే దాని సారాంశం తెలుగులో కూడా దొరుకుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జాబితా చూస్తే ఏ కంపెనీ ఏ మందుకు డీఎంఎఫ్ (తయారీ వివరాలతో ఇచ్చే డ్రగ్ మాస్టర్ ఫైల్) వేసిందో తెలుస్తుంది. కంపెనీల రిజిస్ట్రార్ సైట్‌లో 100 రూపాయలు కడితే వాళ్ల బ్యాలెన్స్ షీటు, బ్యాంకుకు ఏ ఆస్తి తాకట్టు పెట్టారో చూడొచ్చు. కొత్త యంత్రాల మీద అప్పు కనిపించిందంటే విస్తరణ మొదలైనట్టే. ఇక ఆదివారం వాక్-ఇన్ ప్రకటనలు. హైడ్రోజనేషన్‌లో (హైడ్రోజన్ కలిపే రసాయన ప్రక్రియలో) అనుభవం ఉన్నవాళ్లు కావాలని రెండు నెలల్లో మూడుసార్లు వేశారంటే దానికోసం కట్టే బ్లాకు పని ఎక్కడిదాకా వచ్చిందో ఊహించడానికి గూఢచారి అక్కర్లేదు.

సమాచారం దొరకడం కష్టం కాదు. దేన్ని ఎంత నమ్మాలన్నదే కష్టం. మాకు దెబ్బ తగిలింది అక్కడే.

ఒకసారి, మేం కొనే ఇంటర్మీడియట్ తయారుచేసే ఫ్యాక్టరీకి పొల్యూషన్ బోర్డు మూసివేత నోటీసు ఇచ్చిందని మా ట్రేడర్ చెప్పాడు. ట్యాంకర్లు తిప్పే ట్రాన్స్‌పోర్టర్ అదే అన్నాడు. పక్క యూనిట్‌లో కెమిస్ట్‌గా ఉన్న మా పాత సహోద్యోగీ అదే అన్నాడు. మూడు వైపుల నుంచి ఒకటే కబురు, ఇంకేం కావాలి? ఎక్కువ రేటుకు ఆరు నెలల సరుకు కొనేశాం. పది రోజుల తర్వాత ఆ ఫ్యాక్టరీ మామూలుగా నడిచింది. వాళ్లు ఆపింది ఏటా చేసే మెయింటెనెన్స్ కోసం. తీరా ఆరా తీస్తే ముగ్గురూ విన్నది ఒకే బ్రోకర్ దగ్గర, అతని గోడౌన్లో ఆ సరుకే నిల్వ ఉంది. మా సరుకు రీటెస్ట్ తేదీ (తిరిగి పరీక్షించాల్సిన గడువు) దాటి మళ్లీ క్యూసీకి, అంటే నాణ్యత పరీక్షకు వెళ్లిన రోజు మా పర్చేజ్ మేనేజర్ నా మొహం చూడలేదు.

ముగ్గురు వేగుల మాట ఒకటైతే నమ్మొచ్చని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో అన్నాడు. కానీ ఆ వేగులకు ఒకరి సంగతి ఒకరికి తెలియకూడదని కూడా అన్నాడు. మనం మొదటిది గుర్తుపెట్టుకుని రెండోది వదిలేస్తాం. ఆ తప్పు సీఐఏకీ తప్పలేదు. 2003 ఫిబ్రవరిలో ఇరాక్ సంచార జీవాయుధ ల్యాబుల గురించి ఐక్యరాజ్యసమితిలో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ చెప్పిన మాటలకు ప్రధాన ఆధారం ‘కర్వ్‌బాల్’ అనే మారుపేరున్న ఒకే ఒక్క మనిషి. అబద్ధం చెప్పానని 2011లో అతనే ఒప్పుకున్నాడు.

అప్పటినుంచి నిఘావాళ్ల మార్కుల పద్ధతిని ఎక్సెల్‌లో పెట్టుకున్నాను. చెప్పిన మనిషికి ఏ నుంచి ఎఫ్ దాకా ఒక అక్షరం, చెప్పిన కబురుకు 1 నుంచి 6 దాకా ఒక అంకె, రెండూ విడివిడిగా. నమ్మకస్తుడు కూడా తప్పు కబురు తేవచ్చు కదా. దానికి నేను కలిపింది ఒక్క కాలమ్: ‘ఇతనికి ఎవరు చెప్పారు?’ అది ఖాళీగా ఉన్న కబురుతో ఇప్పుడు డబ్బు పెట్టం.

ఇక ఉద్యోగిని పట్టుకోవడం. ఇంటర్వ్యూ పేరుతో పిలిచి ప్రాసెస్ వివరాలు లాగే కంపెనీలున్నాయి. మా దగ్గరికి ఒకతను పెన్ డ్రైవ్‌లో తన కంపెనీ బ్యాచ్ షీట్లు (ఒక్కో విడత తయారీ వివరాలు) పట్టుకునే వచ్చాడు. టీ ఇచ్చి పంపించేశాం. రేపు మావి పట్టుకుని ఇంకోచోటికి వెళ్లడని గ్యారంటీ ఏంటి? పైగా అది కోర్టు గొడవ. 2001లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ తరఫువాళ్లు యూనిలీవర్ చెత్తకుండీలు వెతికారు, చివరికి ప్రాక్టర్ అండ్ గ్యాంబులే విషయం యూనిలీవర్‌కు చెప్పుకుని రాజీకి వచ్చింది.

ముందు మీ కంపెనీ గురించే బయటివాళ్లలా ఒకపూట వెతికి చూడండి. మేం వెతికితే, ఎంతో గుట్టుగా పెట్టామనుకున్న కొత్త ప్రొడక్టు పేరు మా వాక్-ఇన్ ప్రకటనలోనే ఉంది. అర్హతల కింద, పెద్దక్షరాల్లో.