బీటెక్ పిల్లలకు హిస్టరీ, ఎకనామిక్స్ పేపర్లు దండగా?

మీ అబ్బాయి బీటెక్ సెకండియర్ అనీ, ఓపెన్ ఎలక్టివ్ కింద ఎకనామిక్స్, హిస్టరీ, ప్రొఫెషనల్ స్కిల్స్‌లో ఒకటి ఎంచుకోమన్నారనీ, ఆ గంటల్లో ఇంకో కోడింగ్ కోర్సు చేసుకుంటే నయం కదా అనీ అడిగారు. దండగ అని మాత్రం అనకండమ్మా. నాలుగేళ్ల చదువులో అబ్బాయికి ఊరి సంగతీ డబ్బు సంగతీ తెలిసే అవకాశం ఆ ఒక్క పేపర్‌లోనే ఉంది. ఇంకో మాట కూడా గట్టిగా చెబుతాను. ప్రొఫెషనల్ స్కిల్స్ అని విడిగా నేర్పేదంతా ఎకనామిక్స్, హిస్టరీ సరిగ్గా చెబితే వాటిలోనే వచ్చేస్తుంది.

నేను ఇంటర్‌లో హెచ్ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్), డిగ్రీలో హెచ్ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్). ఎంపీసీ సీటు రానివాళ్లు చదివే గ్రూపని మా వైపు పేరు. చుట్టాలింటికి వెళ్తే ఏం గ్రూపని అడగడం, జవాబు వినగానే మాట మార్చడం. ఇప్పటికీ చాలా ప్రైవేటు కాలేజీల్లో హెచ్ఈసీ గ్రూపే ఉండదు. చరిత్ర చదవాలని ఆశపడ్డ పిల్ల సర్కారు కాలేజీ ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. ఈ బాధ నాకు ఎప్పటినుంచో ఉంది.

డిగ్రీ రెండో ఏడు మా ఎకనామిక్స్ సార్ ధర ఎలా ఏర్పడుతుందో చెబుతూ బోర్డు మీద డిమాండ్ గీత, సప్లై గీత గీశారు. అవి కలిసే చోటే ధర అని మేం రాసుకుంటుంటే పాఠం అక్కడే ఆపి, "రేపు పొద్దున్నే మిర్చి మార్కెట్‌కు రండి, ఎక్కడ కలుస్తాయో చూద్దాం" అన్నారు. ఒక్కొక్కరం ఒక్కో రైతు వెంట ఉండాలి, ఆయన చేతికి పట్టీ, అంటే అమ్మకం లెక్క రాసిచ్చే చీటీ, వచ్చేదాకా వదలకూడదు. సార్ పెట్టిన షరతు అదొక్కటే.

ఖమ్మం, వరంగల్ వైపు వాళ్లకు జెండా పాట గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆ పూట వచ్చిన సరుకులో బాగున్న లాటు దగ్గర వ్యాపారులంతా చేరి పాట పాడతారు. అందులో పలికిన ధరే జెండా పాట, మర్నాడు పేపర్లో వచ్చేది కూడా అదే. నేను వెంట ఉన్నది తల్లాడ వైపు నుంచి తేజ రకం తెచ్చిన ఒక పెద్దాయన. ఘాటుకు కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుమ్ములు ఆగడం లేదు. పాట అయ్యాక ఒక ఖరీదుదారు వచ్చి బస్తా మూతి విప్పాడు. మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు కాయలు తీశాడు. ఒకటి విరిచి లోపలి రంగు చూశాడు, ఇంకోటి చెవి దగ్గర ఆడించి గింజల చప్పుడు విన్నాడు. "తేమ ఉంది, తాలు కలిసింది" అని జెండా పాట కన్నా క్వింటాకు 1,500 రూపాయలు తగ్గించి చెప్పాడు. పెద్దాయన కిమ్మనలేదు. నాకు ఆగక, ఇంకొకరికి చూపిద్దాం తాతా అన్నాను.

"రేపటిదాంక ఉంటే బండి కిరాయి ఎవరిస్తరు బిడ్డా? కోల్డ్ స్టోరేజీల పెడితే అప్పుకు మిత్తి ఎవరు గడ్తరు? జెండా పాట పేపరోళ్లకు. మాకు పట్టీల రాసిందే ధర" అన్నాడాయన.

దడవాయి తూకం వేశాడు, హమాలీలు బస్తాలు మార్చారు. తక్‌పట్టీ వచ్చాక చూస్తే కమీషన్, హమాలీ, దడవాయి అని వరుసగా కోతలు. విత్తనాలకూ మందులకూ అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) దగ్గర తెచ్చిన అప్పు కూడా అందులోనే పట్టేసుకున్నారు. సరుకు అమ్మిపెట్టేదీ అప్పిచ్చిందీ ఒక్కరే అయినప్పుడు రైతు బేరం ఏమాడతాడు? ఆ ప్రశ్న నాకు ఏ గైడ్‌లోనూ కనబడలేదు.

మర్నాడు క్లాసులో ఒక్కొక్కరం లేచి, ఎవరికి ఎంత మిగిలిందో, నష్టం ఎవరి నెత్తిన పడిందో ఐదు నిమిషాల్లో చెప్పాలి. ఏడాదంతా నోరు విప్పని అమ్మాయిలు కూడా ఆపకుండా మాట్లాడారు. అందరి పట్టీల లెక్కలూ బోర్డు మీద పక్కపక్కన వేసి వాదించుకున్నాం. కమ్యూనికేషన్, టీమ్‌వర్క్, డేటా అంటూ ఇప్పుడు ఫీజులు కట్టించుకుని నేర్పేవన్నీ మాకు ఆ పూటే మొదలయ్యాయి.

అదే వారం హిస్టరీ మేడం మోటుపల్లి రేవులోని శాసనం గురించి చెప్పారు. 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం అది. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. ఇకమీదట అలా చేయం, సుంకం మాత్రమే తీసుకుంటాం, అది ముప్పయ్యో వంతు అని రాతి మీద చెక్కించాడు. మంచిగంధం, కర్పూరం, ముత్యాల్లాంటి వాటికి రేట్లు విడిగా చెప్పించాడు. మార్కెట్‌కు వెళ్లకపోయుంటే పేరు, సంవత్సరం బట్టీ పట్టి రెండు మార్కులు తెచ్చుకునేవాళ్లం. కానీ ఆ రోజు మేడంను గంట కొట్టాక కూడా కదలనివ్వలేదు. కోత ఎంతో ముందే తెలిస్తే పరదేశి వర్తకుడు కూడా ధైర్యంగా ఓడ దించుతాడు, మరి మా పెద్దాయనకు బస్తా విప్పేదాకా తన ధరేంటో తెలియదెందుకని అడిగాం.

2017లో మిర్చి ధర పడిపోయి ఖమ్మం మార్కెట్‌లో రైతులు తిరగబడ్డారు. తర్వాత కొందరిని బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్లారు. అంత కోపం ఎందుకొచ్చిందో పట్టీ చూసినవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నేను బ్యాంకులో పంట రుణాలు చూస్తాను. కొత్తగా చేరినవాళ్లలో ఇంజనీర్లే ఎక్కువ, చురుకైన పిల్లలు. అందులో ఒకబ్బాయి పేపర్లోని జెండా పాట ధరను దిగుబడితో గుణించి, ఇంత ఆదాయం ఉన్న రైతు బాకీ ఎందుకు కట్టడని ఫైలు మీద రాశాడు. గుణకారంలో తప్పేమీ లేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఒక పట్టీ చూపించాను. "ఇవన్నీ మాకెవరూ చెప్పలేదండీ" అన్నాడు. ఆ మాట నిజం. వాళ్లకు మెఫా అని ఒక పేపరుంటుంది, మేనేజీరియల్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్. అది పరీక్ష ముందురోజు రాత్రి చదివి పాసయ్యేదని సీనియర్లు జూనియర్లకు చెబుతారు. బ్రేక్ ఈవెన్ బొమ్మ గీస్తే మార్కులు పడతాయి. బజారులో టీకొట్టుకు రోజుకు ఎన్ని టీలు అమ్మితే గిట్టుబాటవుతుందో ఒక్కరితోనూ లెక్క వేయించరు.

కమ్యూనికేషన్ స్కిల్స్ పేపర్ అయితే ఇంకా ఘోరం. వినడంలో రకాలు రాయండి అంటూ మూడు గంటల రాతపరీక్ష! మాట్లాడటం నేర్పాల్సిన పేపర్‌లో ఒక్కరూ నోరు తెరవరు. సుప్రీంకోర్టు చెప్పబట్టి డిగ్రీలో అందరికీ పెట్టిన పర్యావరణం పేపర్‌దీ అదే గతి. ఊరి పక్కనే మున్నేరు పారుతుంటే పుస్తకంలో నీటి కాలుష్యానికి కారణాలు బట్టీ పట్టిస్తారు. లెక్చరర్లనే అని లాభం లేదు. పోస్టులు ఖాళీగా ఉంటే ఒక్కరే మూడు సెక్షన్లకు చెప్పుకోవాలి, వాళ్లు పిల్లలను బయటికి ఎప్పుడు తీసుకెళ్తారు?

ఇక మీ అబ్బాయి సంగతి. ఎకనామిక్స్ తీసుకోమనండి. హిస్టరీ చెప్పేవాళ్లు పిల్లలను గుడికో కోటకో తీసుకెళ్లే రకమని సీనియర్లు చెబితే హిస్టరీ ఇంకా మంచిది. సాఫ్ట్ స్కిల్స్ కోసం బయట వేలకు వేలు కట్టకండి. కేంద్ర ప్రభుత్వం నడిపే స్వయం అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో ఈ సబ్జెక్టులు ఉచితంగా చదువుకోవచ్చు, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. మీది సత్తుపల్లి అన్నారు కాబట్టి మిర్చి వేసిన చుట్టాలు ఉండే ఉంటారు. ఫిబ్రవరి, మార్చిలో వాళ్లు బస్తాలు మార్కెట్‌కు తోలేటప్పుడు అబ్బాయిని తోడు పంపండి, పట్టీ చేతికొచ్చేదాకా ఉండమనండి. మాస్క్ ఇచ్చి పంపండి, అలవాటు లేనివాళ్లు ఆ ఘాటుకు తట్టుకోలేరు.