ఇంటి వెనక బర్చ్ చెట్ల నుంచి సిరప్ చేయొచ్చా? చేశాను, మాడ్చాను కూడా

అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌కి కొత్తగా వచ్చామని, ఇంటి వెనక నాలుగు బర్చ్ చెట్లు (చలి ప్రాంతాల్లో పెరిగేవి) ఉన్నాయని, మేపుల్ చెట్టు రసం కాచి చేసే తియ్యటి పాకం, అదే మేపుల్ సిరప్, లాగా వాటి రసం కాచుకోవచ్చా, పిల్లలు ఆ రసం పచ్చిగా తాగొచ్చా అని అడిగారు. రెండూ చేయొచ్చు. కాకపోతే మొదటిది మీరు అనుకుంటున్నంత తేలిక కాదు. ఆరేళ్లుగా ప్రతి ఏప్రిల్‌లో నాకిదే పని కాబట్టి చెబుతున్నాను.

ముందు లెక్క చూడండి. మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. మా వైపు ఐదారు లీటర్ల చెరకు రసానికి కిలో బెల్లం దిగుతుంది. బర్చ్ రసంలో తీపి 1 శాతం, అటూఇటూగా. లీటరు సిరప్ కావాలంటే 100 లీటర్ల పైచిలుకు రసం మరగాలి. మేపుల్‌కి 40 చాలు. మంచి చెట్టు రోజుకి మూడు నాలుగు లీటర్లిస్తుంది, అదీ రెండు మూడు వారాలే. మీ నాలుగు చెట్లూ బాగా కారితే రెండు లీటర్ల సిరప్ రావచ్చు. అంతకు మించి ఆశ పెట్టుకోకండి.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే, ఏప్రిల్ మధ్యలో. మేపుల్‌కి రాత్రి గడ్డకట్టే చలి, పగలు ఎండ కావాలి. బర్చ్‌ది అలా కాదు, వేళ్లు కింది నుంచి నెడితే రసం పైకొస్తుంది, అందుకే ఊపందుకున్నాక రాత్రీ పగలూ కారుతుంది. ఏప్రిల్ 15 దాటాక ఒక చెట్టుకి చిన్న కన్నం వేసి చూడండి. డ్రిల్‌తో పాటు బయటికొచ్చే పొట్టు పొడిగా ఉంటే రెండ్రోజులాగండి. రసం లేచిన రోజు ఆ పొట్టు తడిసిన కొబ్బరి కోరులా వేళ్లకి అంటుకుంటుంది, రసాన్ని బకెట్‌లోకి దించే గొట్టం కన్నంలో దిగ్గొట్టకముందే చుక్కలు బెరడు మీదుగా జారిపోతుంటాయి.

చెట్టు కనీసం 8 అంగుళాల మందం ఉండాలి. చెట్టుకి ఒక్కటే కన్నం, నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తులో, అంగుళంన్నర లోతు, లోపలికి వెళ్లేకొద్దీ కాస్త పైకి వాలుగా. బకెట్ తినే వస్తువులకి పనికొచ్చేదే వాడండి, మూత మర్చిపోకండి. పోయినేడు వేసిన కన్నం పక్కనే మళ్లీ వేయకూడదు, అక్కడి చెక్క రంగు మారి చచ్చిపోయి ఉంటుంది, చుక్క రాదు. అద్దె ఇల్లయితే ముందు ఓనర్‌ని అడగండి.

ఇక నా తప్పు. మొదటి ఏడాది రెండు చెట్ల నుంచి 60 లీటర్లు పట్టాను. బయట చలిగా ఉందని వంటింట్లోనే బిర్యానీ గిన్నెలో కాచాను. రెండో రోజుకి కిటికీ అద్దాల మీంచి నీళ్లు ధారలు కట్టాయి, గోడ రంగు ఉబ్బింది, మా ఆవిడ మాట్లాడటం మానేసింది. అయినా నాకేం టెన్షన్ లేదు, బెల్లం వండే ఊరి వాడిని కదా! మా ఊళ్లో ఆఖర్లో మంట పెంచి, నురుగు తీస్తూ, పెద్ద గరిటెతో కలుపుతూ పాకం దించేస్తారు. నేనూ అదే చేశాను. నీళ్లలో చుక్క వేసి ఉండ కడుతుందా అని చూశాను. కట్టలేదు. ఇంకాస్త మంట పెంచాను. నిమిషంలో వాసన మారింది. 600 మిల్లీలీటర్లు రావాల్సిన గిన్నెలో నల్లటి తారు మిగిలింది, దాన్ని మూడు రోజులు నానబెట్టి గోకాల్సి వచ్చింది.

కారణం తర్వాత తెలిసింది. చెరకులో, మేపుల్‌లో ఉండేది ఎక్కువగా సుక్రోజ్, అంటే మన పంచదార. బర్చ్‌లో ఎక్కువ భాగం ఫ్రక్టోజ్, గ్లూకోజ్. సుక్రోజ్ మాడటం మొదలయ్యేది 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఫ్రక్టోజ్ 110 దగ్గరే మొదలెడుతుంది. కాబట్టి ఉండపాకం కోసం చూడకండి, అది వచ్చేలోపు మీ కష్టమంతా బొగ్గవుతుంది.

ఇప్పుడు నేను చేసేది ఇది. పెరట్లో ప్రొపేన్ స్టవ్ మీద వెడల్పాటి గిన్నెలో పెద్ద మంట మీద మరిగిస్తాను, పదో వంతు మిగిలేదాకా. అక్కడి నుంచి స్లో కుక్కర్‌లోకి మార్చి, మూత తీసి, ఉడుకు రానివ్వకుండా రాత్రంతా ఆవిరి పోనిస్తాను. స్పూన్ మీంచి చుక్కల్లా కాకుండా రేకులా జారితే చాలు. తీపి శాతం కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఉంటే ఇంకా నయం, అది 67 బ్రిక్స్, అంటే దాదాపు 67 శాతం చక్కెర, చూపిస్తే అయిపోయినట్టే. రసం మాత్రం పాలతో సమానం అనుకోండి, ఏ రోజుది ఆ రోజు కాచాలి, లేదా మంచులో పూడ్చి మర్నాటికి ఉంచాలి. వెచ్చగా వదిలేస్తే తెల్లగా మారి పులుస్తుంది. ఇది చెప్తే మా అమ్మ ఫోన్లో, "అయితే కల్లే కదరా, కుండ కట్టకపోయావా" అంది.

మొగ్గలు విచ్చుకునే వేళకి రసం తెలుపెక్కి చేదవుతుంది. ఆ రోజే గొట్టాలు పీకేయండి, కన్నం పూడ్చకండి, చెట్టే మూసుకుంటుంది. కొన్నాళ్లు అక్కడ నారింజ రంగు జిగురు నురుగు కడుతుంది. అది ఈస్ట్, కంగారు పడొద్దు.

రుచి మేపుల్‌లా ఉంటుందనుకుంటే నిరాశే. ముదురు బెల్లప్పానకంలో చింతపండు చెంచా కలిపినట్టుంటుంది. పాన్‌కేక్ మీద మా వాళ్లెవరూ తినరు. కాల్చిన సాల్మన్ మీద, గట్టి పెరుగు మీద మాత్రం నాకు దీన్ని మించింది లేదు.

పిల్లల సంగతి: మొదటి రోజు బకెట్ వడకట్టి చల్లగా ఇవ్వండి. బర్చ్ పుప్పొడి ఎలర్జీ ఉన్నవాళ్లుంటే ముందు గుక్కెడు మాత్రమే ఇచ్చి చూడండి. మా అబ్బాయి మొదటిసారి తాగి, "పంచదార వేసి కలపడం మర్చిపోయిన నీళ్లు" అన్నాడు. ఇప్పుడు వాడే రోజూ పొద్దున్నే గ్లాసు పట్టుకుని చెట్టు దగ్గరికి పోతాడు, నా సిరప్ లెక్క అక్కడే తప్పుతోంది.