హయత్‌నగర్ వైపు ఇల్లు: గేటు దాటాక మెట్లు ఎక్కాలా, దిగాలా?

హైదరాబాద్‌లో హయత్‌నగర్ దగ్గర 150 గజాల ఇండిపెండెంట్ ఇల్లు చూశామని, ఇల్లు బాగానే నచ్చింది గానీ ఆ చుట్టుపక్కల సౌకర్యాల సంగతి తెలియట్లేదని అడిగారు. మేం 2017 నుంచి ఈ వైపే ఉంటున్నాం. మాకు ఎదురైనవి చెప్తాను.

బడులకీ కిరాణాకీ కొదవ లేదు. కూరగాయలకి వనస్థలిపురం రైతుబజారుకి వెళ్తాం. మాది సూర్యాపేట వైపు కాబట్టి ఊరెళ్లాలంటే సిటీ దాటే బాధ లేదు, ఇక్కడే బస్సెక్కేస్తాం. మెట్రో మాత్రం ఎల్బీనగర్‌తోనే ఆగిపోతుంది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఇక్కడిదాకా ఆ లైను మొదలయ్యాక అమీర్‌పేటలో మా ఆవిడ ఉద్యోగానికి ప్రాణం లేచొచ్చినట్టయింది. కానీ సాయంత్రం ఎల్బీనగర్‌లో దిగి విజయవాడ హైవే మీద ఇల్లు చేరడానికి పట్టే టైము కూడా లెక్కేసుకోండి.

అసలు చూడాల్సింది నీళ్లు. వచ్చే నీళ్లూ, పోయే నీళ్లూ.

మేం మొదట వేరే ఇల్లు చూశాం. ఈస్ట్ ఫేసింగ్, ముందు వేపచెట్టు. గేటు దాటాక రెండు మెట్లు దిగి లోపలికెళ్లాలి. మేం అది పట్టించుకోలేదు. అడ్వాన్స్ ఇవ్వబోతుంటే ఎదురింటి పెద్దమ్మ పిలిచి తన కాంపౌండ్ గోడ చూపించింది. అడుగున్నర ఎత్తులో మట్టిరంగు గీత, దాని కింద సున్నమంతా పొక్కిపోయి ఉంది. "వాన గట్టిగ పడితే చెరువు నీళ్లన్నీ ఈడికే వస్తయ్ బిడ్డా" అంది. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి పైకి లేచిందట, పాత ఇళ్లు పల్లంలో పడిపోయాయి. ఆ వీధిలో కొత్త ఇళ్లన్నిటికీ మూడేసి అడుగుల ర్యాంపులు ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది.

2020 అక్టోబరు 13 రాత్రి వానకి ఆ ఇంట్లో మోకాళ్లలోతు నీళ్లు. కొనుక్కున్నవాళ్లకి చిన్నపిల్లలు. రెండ్రోజుల తర్వాత వెళ్తే తడిసిన బియ్యం బస్తాలు, పరుపులు గేటు బయట వేసున్నాయి. ఆ పెద్దమ్మ మాకు చెప్పినట్టు వాళ్లకీ ఎవరైనా చెప్పుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక వచ్చే నీళ్లు. "కృష్ణా వాటర్ ఉందండీ" అన్న మాట నమ్మి మేం కొన్నాం. లైను వీధి మొదట్లోనే ఆగిందని తర్వాత తెలిసింది. కనెక్షన్ వచ్చేదాకా రెండు వేసవులు బోరు ఎండిపోయి ట్యాంకర్ల మీదే బతికాం. అందుకే నోటిమాట వద్దు, నల్లా బిల్లు చూపించమనండి. సంపు మూత తీయించి చూడండి. డ్రైనేజీ లైనుందా, సెప్టిక్ ట్యాంకేనా అడగండి. దగ్గర్లో చెరువుంటే హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైటులో ఎఫ్‌టీఎల్ మ్యాపు, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపించే మ్యాపు తీసి మీ సర్వే నంబరు అందులో పడుతోందేమో చూసుకోండి.

అడ్వాన్స్ ఇచ్చేలోపు గట్టి వాన పడ్డ రోజు ఇంకోసారి వెళ్లి రండి. బ్రోకరు లేకుండా వెళ్లి, ఎదురింటి తలుపు కొట్టండి.